సముద్రం వైపు తలుపు

సీలేరు
8 ఫిబ్రవరి 1998

చెల్లెలు ఆనందమ్మకు, ఎజ్రా బావకు, మేనకోడలు సరళకు యేసుపాదం వందనాలు.

పవర్‌హౌస్‌లో నా ఉద్యోగం వచ్చే నెలాఖరుతో సరి. పదేళ్ళ సర్వీసుండగా మానేస్తున్నానని ఇక్కడ అందరూ వింతగా చూస్తున్నారు. మీ వదిన ఊపిరి కోసం మానేస్తున్నాను. ఈ కొండ చలి డాలీకి పడటం లేదు. తెల్లవారుజామున కూర్చుని ఊపిరి పీల్చుకోవడమే ఒక పని అయిపోయింది. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాడు.

భీమిలి దగ్గర చిప్పలపాలెం అని జాలరి ఊరు ఉంది. ఊరికి ఇవతల ఇసుక మీద, అలలకు ఎదురుగా, ఒక గుమస్తా సగం కట్టి వదిలేసిన ఇల్లు చూశాను. పిల్లలు వద్దన్నారని వదిలేశాడట. నాకు వచ్చే డబ్బంతా దానికే పెడుతున్నాను. వెనక గదిలో మేముంటాం. ముందు రెండు గదులు సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తాం. శని ఆదివారాల్లో పట్నం వాళ్ళు సముద్రం కోసం ఎగబడుతున్నారు. మన కొండవాళ్ళలో ఒడ్డున ఇల్లు కట్టినవాడు ఇంతవరకూ లేడు, ఆనందం.

ఒక్కటి అడుగుతాను. అక్కడ దొరికే చెక్క తేమకు ఉబ్బిపోతుందట. పనస చెక్క అయితే తట్టుకుంటుంది. నా చెట్టు కొట్టించి, గుమ్మాలకు, తలుపులకు సరిపడా కోయించి, సంతలకు జీపు తోలే బుధుతో పంపమని బావతో చెప్పు.

నీ అన్న
యేసుపాదం


డుంబ్రిగుడ
1 మార్చి 1998

అన్నయ్యకు ఆనందమ్మ రాయడం.

నీ ఉత్తరం సంతలో అందింది. వదిన ఊపిరి సంగతి చదివి దిగులుపడ్డాను. ఆమె కోసమైతే ఎక్కడికైనా వెళ్ళు.

నీ చెట్టు నీది. నువ్వు పుట్టినప్పుడు నాన్న నీ బొడ్డు పాతి పైన గింజ పెట్టాడు. నాకు నా చెట్టు ఉంది, సరళకు దానిది ఉంది. ఎవరి చెట్టు వాళ్ళు అడిగితే కాదనే మాట మన ఇంట్లో లేదు. కానీ రెండు సంగతులు చెప్పాలి. నీ చెట్టు నీడలో పెట్టిన కాఫీ ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది. నీడ పోతే ఆకు మాడుతుంది. ఇక రెండోది. కలప ఘాట్ దించాలంటే కాగితం ఉండాలని సంతలో అనుకుంటున్నారు. మన చెట్టే అయినా ఉండాలట. నువ్వు చదువుకున్నవాడివి, కనుక్కుని రాయి.

ఎజ్రాకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "బావ సముద్రం పక్కన ఇల్లేత్తన్నాడు సరే, మరి ఆ సముద్రానికి గట్టు ఎవులేసినారు?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు, కోపం తెచ్చుకోకు.

ఆనందమ్మ


చిప్పలపాలెం
14 నవంబర్ 1998

ఆనందానికి, బావకు, సరళకు వందనాలు.

మొన్న ఆదివారం గృహప్రార్థన జరిగింది. భీమిలి నుంచి పాస్టరుగారు వచ్చారు. మీరు లేని లోటు తప్ప అన్నీ బాగానే జరిగాయి. నా చెట్టుతో చేయించిన పెద్ద తలుపు సముద్రం వైపు పెట్టించాను. తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు. పాస్టరుగారు దాని మీద చెయ్యి వేసి, ఇలాంటి చెక్క ఈ చుట్టుపక్కల లేదన్నారు.

పర్మిట్ అక్కర్లేదని నేను రాసినప్పుడు బావ భయపడ్డాడని బుధు చెప్పాడు. చూశారా, ఎవరైనా ఆపారా? మన పెరటి చెట్టుకు మనం ఎవర్ని అడగాలి?

చేపలమ్మే యర్రమ్మ అని ఒకామె ఉంది. గదులు తుడవడానికి కుదిర్చాం. మొదటి రోజే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇదేటి బాబూ, మావోళ్ళు ఇక్కడ పడవ లాగుతారు గానీ ఇల్లెయ్యరు" అంది. "నీ పడవకి మా ఇల్లు అడ్డమా?" అన్నాను. "పడవైతే గాలొచ్చినప్పుడు పైకి లాక్కుంతాం. ఇంటినెలా లాగుతావు?" అని నవ్వింది. డాలీ కూడా నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంత ఖర్చూ ఆ నవ్వుకు చాలనిపించింది.

ఫ్యాన్ల రెక్కలు అప్పుడే కాస్త తుప్పు పట్టాయి. రంగు వేయించాలి.

నీ అన్న


డుంబ్రిగుడ
3 మే 1999

అన్నయ్యకు, వదినకు.

వదిన నవ్విందని రాశావు, సంతోషం. ఇక్కడ ఎండ ముదిరింది. నీ చెట్టు ఉన్నచోట కాఫీ మొక్కలు పసుపు తిరిగాయి. ఎజ్రా సిల్వర్ ఓక్ మొక్కలు తెచ్చి నాటాడు. అవి నీడ ఇచ్చేసరికి ఈ కాఫీ ఉండదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా సాయంత్రాలు నీళ్ళు మోస్తున్నాడు.

నీ చెట్టు లేక ఈసారి పనసకాయలు తక్కువ. వానల్లో తిండికి చోడి అయిపోయాక పనస గింజలు ఉడకేసుకునేవాళ్ళం కదా. నాన్న చెట్టు మాత్రం విరగకాసింది. దాని కిందే తోటలోని మంచి కాఫీ అంతా ఉంది. అది ఉన్నంతవరకూ ఇబ్బంది లేదు.

సరళ అరకు హాస్టల్లో ఏడు పాసయింది. అత్త పంపిన గౌను పొట్టయిపోయింది. గుంట ఎంత ఎదిగిందో నీకు తెలియదు కదా. ఒకసారి ఇద్దరూ రండి.

ఆనందమ్మ


చిప్పలపాలెం
18 జూలై 1999

ఆనందానికి.

సీజనులో గదులు బాగానే పోయాయి. ఇప్పుడు వానల్లో ఎవరూ రారు. ఎవరూ రాకపోయినా ఇల్లు ఊరుకోదు. ఇక్కడ ఉప్పు గాలిలో ఉంటుంది. రాత్రి తుడిచిన బల్ల మీద పొద్దున వేలితో పేరు రాయొచ్చు. తాళాలు పట్టేస్తాయి, కిరసనాయిలు పోసి తిప్పాలి. ఫ్యాన్లు రెండోసారి మార్చాను. టీవీ లోపల తీగలు పచ్చగా అయిపోయాయి. వచ్చినవాళ్ళు సీసాలు పగలగొట్టి ఇసుకలో పారేస్తారు. చేపల వాసన అంటారు. ఒకాయన అలల చప్పుడుకు నిద్రపట్టలేదని అద్దె తగ్గించమన్నాడు. ఇంట్లో యజమానిని నేనే, పనివాణ్ణీ నేనే.

అన్నిటికన్నా కిటికీలు. ఇనుప చువ్వలు పొరలు పొరలుగా ఊడి చేతికొస్తున్నాయి. మేస్త్రీ వచ్చి చూసి, ఇక్కడ ఇనుము నిలవదు, మొత్తం చెక్కతో చేయించమన్నాడు. నా పెద్ద తలుపు మాత్రం చెక్కు చెదరలేదు. పనస గొప్పతనం అది.

అడగడానికి నోరు రావడం లేదు. నాన్న చెట్టులో నాకూ సగం ఉంది. అది కొట్టిస్తే ముందు వైపు కిటికీలన్నీ వస్తాయి. దసరా సెలవులకు ముందే బిగించకపోతే గదులు అద్దెకివ్వలేను. డాలీ మందులు ఆ అద్దె మీదే ఉన్నాయి. పోయినసారిలాగే బుధు జీపులో పంపితే చాలు. పర్మిట్ సంగతి మర్చిపోండి.

నీ అన్న


డుంబ్రిగుడ
22 ఆగస్టు 1999

అన్నయ్యకు.

నీ ఉత్తరం వచ్చాక ఇంట్లో చాలా రోజులు ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. నేను వద్దని రాద్దామనుకున్నాను. ఎజ్రా వినలేదు. "ఆయమ్మ మందులకి అంటన్నాడు. రేపు ఆ మనిషికి ఏటైనా అయితే మనం చెట్టు సూసుకుని కూకుంటామేటి?" అన్నాడు.

నిన్న కొట్టారు. పడేటప్పుడు కాఫీ చాలా నలిగిపోయింది. రంపం వాళ్ళు పలకలు కోస్తున్నారు. ఆరనివ్వకుండా పంపకూడదు, కానీ నీకు దసరా లోపల కావాలి కాబట్టి పచ్చిగానే పంపుతున్నాం. బుధు ఈసారి వెనకాడాడు. చెక్‌పోస్టు దగ్గర కొత్త మనిషి వచ్చాడట. ఎజ్రా తనూ వస్తానంటే ఒప్పుకున్నాడు.

ఇక నా చెట్టు, సరళ చెట్టు మిగిలాయి. అవి అడగకు.

ఆనందమ్మ


డుంబ్రిగుడ
27 సెప్టెంబర్ 1999

అన్నయ్యకు.

జీపు పట్టుకున్నారు. ఎజ్రానూ బుధునూ కోర్టులో పెట్టి, అక్కడి నుంచి జైలుకు పంపారు. జీపు, పలకలు చెక్‌పోస్టు దగ్గరే వానలో ఉన్నాయి. పలకలు ఎవరివని అడిగితే ఎజ్రా తనవేనన్నాడట. ఎవరికి తీసుకెళ్తున్నావంటే అమ్మడానికన్నాడట. నీ పేరు చెప్పలేదు. అమ్మడానికి అనేసరికి కేసు పెద్దదయిందని ప్లీడరు కోప్పడ్డాడు.

జామీను కావాలి. నేను మన భూమి పట్టా తీసుకెళ్ళాను. ప్లీడరు చూసి వెనక్కిచ్చేశాడు. "ఏజెన్సీ పట్టా జామీనుకి పనికిరాదమ్మా. వేలానికి పెట్టినా కింద వాళ్ళు కొనడానికి లేదు కదా. మైదానంలో ఆస్తి ఉన్నవాళ్ళు మీలో ఎవరూ లేరా?" అన్నాడు.

ఉన్నారని చెప్పాను. మన వాళ్ళందరిలో అలాంటి ఇల్లు నీ ఒక్కడికే ఉంది. ఇంటి కాగితాలు తీసుకుని ఎనిమిదో తేదీ కోర్టుకు రా. నువ్వు సంతకం పెడితే ఆ రోజే విడిచిపెడతారట. ఎజ్రాకు మొన్నటి వరకూ మలేరియా. ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

బేగి రా అన్నయ్యా.

ఆనందమ్మ


చిప్పలపాలెం
4 అక్టోబర్ 1999

ఆనందానికి.

ఉత్తరం అందింది. బావ లాంటి మనిషికి ఇలా జరగడం ఏమిటి? రాత్రంతా డాలీ, నేను ప్రార్థన చేశాం.

నాకు వారం రోజులుగా విపరీతమైన జ్వరం. మంచం దిగలేకపోతున్నాను. ఎనిమిదో తేదీకి రాలేను. ఇంకోటి కూడా ఆలోచించు. జామీనంటే ఇల్లు చూడటానికి మనుషులు వస్తారు. వస్తే ఎదురుగా కనిపించేది ఆ తలుపే. అప్పుడు నా మీదా కేసు పెడతారు. పెన్షన్ ఆగిపోతుంది. డాలీ గతి ఏమిటి? అందుకే ప్లీడరుతో నా పేరు ఎక్కడా రానివ్వకండి. బావకు కూడా చెప్పు. ఒకసారి ఒక మాట చెప్పాక మార్చకూడదు.

కాస్త లేచి తిరగగలిగితే ఏదో ఒకటి చేస్తాను. ధైర్యంగా ఉండు.

నీ అన్న


డుంబ్రిగుడ
9 జనవరి 2000

అన్నయ్యకు.

ఎజ్రా క్రిస్మస్ ముందు ఇంటికొచ్చాడు. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన ధనరాజు మాస్టారు ఎస్.కోట దగ్గర తన ఇంటి మీద జామీను ఉన్నారు. ఆయన మనకు ఏమీ కారు. సరళకు లెక్కలు చెప్పారు, అంతే.

మనిషి బాగా చిక్కాడు. దగ్గు వదలడం లేదు. బుధు కూడా వచ్చాడు. జీపు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు అతను సంతల్లో మూటలు మోస్తున్నాడు. ప్రతి వాయిదాకూ ఇద్దరూ కిందికి దిగాలి.

నీ జ్వరం తగ్గిందనుకుంటాను.

ఆనందమ్మ


చిప్పలపాలెం
26 మార్చి 2000

ఆనందానికి.

బావ ఇంటికొచ్చాడని చదివి గుండె మీద బరువు దిగింది. ఆ మాస్టారికి నా వందనాలు చెప్పు. జ్వరం తగ్గింది గానీ నీరసం పోలేదు.

ఇక్కడ సంగతులు బాగాలేవు. మొన్నటి ఆటుపోటుకు ప్రహరీ గోడ ఒక పక్క ఇసుకలోకి కూరుకుపోయింది. బావిలో నీళ్ళు ఉప్పయ్యాయి. తాగే నీళ్ళు ఊర్లోంచి యర్రమ్మ తెచ్చిపెడుతోంది. స్లాబు పెచ్చులు రాలుతున్నాయి. ఆ గుమస్తా ఒడ్డు ఇసుకతోనే కాంక్రీటు కలిపించాడట. లోపల చువ్వలు ఉబ్బి పైకి తోస్తున్నాయని మేస్త్రీ ఇప్పుడు చెబుతున్నాడు. కిటికీలకు రేకులు కొట్టించాను. రేకుల కిటికీలు చూసి వచ్చినవాళ్ళు వెనక్కిపోతున్నారు. అమ్ముదామని అడిగితే కొనేవాళ్ళు రావడం, తలుపు మెచ్చుకోవడం, వెళ్ళిపోవడం.

డాలీకి ఈ తేమ కూడా పడటం లేదు. కొండ మీద చలికి ఆగిన ఊపిరి ఇక్కడ చెమ్మకు ఆగుతోంది. ఆ మాట అది నాతో అనదు.

బావను దగ్గుకు పరీక్ష చేయించమను.

నీ అన్న


డుంబ్రిగుడ
30 ఆగస్టు 2000

అన్నయ్యకు.

ఎజ్రా పోయాడు. పోయిన వారం మంగళవారం పొద్దున. పరీక్షలో టీబీ అన్నారు. మందు మొదలుపెట్టేసరికి ఆలస్యమైంది. వానలకు రోడ్డు తెగి ఆసుపత్రికి మంచం మీద మోసుకెళ్ళారు. సగం దూరంలో దించమన్నాడు. దించారు.

నీకు తంతి ఇచ్చాను. రెండు రోజులు ఉంచాం. అంతకన్నా ఉంచడానికి లేదు.

సమాధి పెట్టెకు చెక్క లేదు. నా చెట్టు కొట్టించాను. కోసినవాళ్ళు కూలి తీసుకోలేదు. పెట్టెకు పోగా మిగిలిన పలకలు బుధు పాకకు ఇచ్చేశాను. అతని పాక కూలిపోయే స్థితిలో ఉంది.

సరళ చదువు మానేసి ఇంటికొచ్చేసింది. తోటలో దాని చెట్టు ఒక్కటే ఉంది.

ఆనందమ్మ


చిప్పలపాలెం
19 సెప్టెంబర్ 2000

నా చెల్లెలు ఆనందానికి.

తంతి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. డాలీ ఏడుపు ఆపలేకపోయాను. వద్దామంటే దాన్ని వదిలి కదిలే పరిస్థితి లేదు. రాత్రుళ్ళు ఆక్సిజన్ పెట్టాల్సి వస్తోంది.

బావ నన్ను ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో నాకు ఆ మాయదారి జ్వరం లేకపోతే పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. దేవుడికి తెలుసు. మంచం మీద పడి ఉండి నేనెంత కుమిలిపోయానో ఆయనకే తెలుసు.

నీ అన్న
యేసుపాదం


డుంబ్రిగుడ
11 నవంబర్ 2000

అన్నయ్యకు.

నువ్వు దేవుడి పేరు రాయకపోతే నేను ఇది రాసేదాన్ని కాదు.

పోయిన ఏడాది ఎనిమిదో తేదీన కోర్టు దగ్గర సాయంత్రం దాకా నీ కోసం చూశాను. జ్వరమని నీ ఉత్తరం అప్పటికి నాకు అందలేదు. బస్సు ఆలస్యమైందేమో అనుకున్నాను. ఆ రాత్రి ప్లీడరు అరుగు మీదే పడుకున్నాను. పొద్దున "అన్న దగ్గరికే వెళ్ళి తీసుకురావమ్మా" అని ఆయన అన్నాడు. తగరపువలసలో బస్సు మారి, దారి అడుగుతూ సందె వేళకు చిప్పలపాలెం చేరాను. ఇల్లు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. దూరం నుంచే తలుపు గుర్తుపట్టాను.

దసరా సెలవులు. ముందు గదుల్లో జనం. రెండు కార్లున్నాయి. నువ్వు లుంగీ పైకి కట్టి, రెండు చేతుల్లో చేపల పళ్ళేలు పట్టుకుని వంటపాక నుంచి వాళ్ళ దగ్గరికి పరిగెత్తుతున్నావు. ఎవరో "మాస్టారూ, నిమ్మకాయలేవీ?" అని కేకేస్తే "అయ్యో, ఇదిగో వత్తన్నానండీ" అని నవ్వుతూ వెనక్కి వచ్చావు. నీకు జ్వరం లేదు.

నేను వెనక వైపు వెళ్ళాను. వదిన మెట్టు మీద కూర్చుని ఉంది. చీకటి పడుతోంది, నా చంకలో బుట్ట ఉంది. "ఈయాళ వద్దమ్మా, చేపలు కొనేశాం. రేపు రా" అంది. సరేనన్నాను.

నేను పిలిస్తే నువ్వు వచ్చేవాడివేమో. అది ఇప్పటికీ తెలియదు. కొనుక్కొచ్చిన బిస్కెట్లు ఇసుకలో పడవ దగ్గర ఆడుతున్న పిల్లలకిచ్చి బస్సెక్కాను. ఎజ్రా జైల్లో ఉన్నన్నాళ్ళూ "బావకి జొరం తగ్గిందా?" అనే అడిగాడు. తగ్గలేదని చెప్పాను. చనిపోయేదాకా అతనికి నిజం తెలియదు.

వదినకు ఆ సంగతి చెప్పకు. నన్ను చేపలమ్మే ఆమె అనుకున్నానని బాధపడుతుంది. ఆమె తప్పేం లేదు.

దీనికి జవాబు రాయొద్దు.

ఆనందమ్మ


చిప్పలపాలెం
2 డిసెంబర్ 2002

ఆనందానికి.

రాయొద్దన్నావు. రెండేళ్ళు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

పోయిన నెల తుఫానులో సముద్రం ముందు గదుల్లోకి వచ్చింది. గాలి కాదు, నీళ్ళు పునాది కింద ఇసుక లాగేశాయి. తెల్లారేసరికి ముందు గోడ పడుకుని ఉంది. స్లాబు మధ్యకు విరిగింది. పెద్ద తలుపు గుమ్మంతో సహా నిలబడే ఉంది. చుట్టూ గోడ లేదు, తలుపు మాత్రం ఉంది. యర్రమ్మ కొడుకులు వచ్చి దాన్ని ఊడదీసి ఊర్లో పెట్టారు. మేం యర్రమ్మ వాళ్ళ పంచలో ఉంటున్నాం. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. అన్నం పెడుతోంది.

స్థలం కూడా లేదు. నా పట్టాలో ఉన్న చోట అలలు తిరుగుతున్నాయి. పన్ను నోటీసు మాత్రం వచ్చింది.

డాలీ ఎక్కువ కాలం ఉండదని డాక్టరు చెప్పాడు. నీళ్ళు కనబడని చోట ఉండాలని ఉంది అంటోంది. నాన్న భూమిలో నా సగం ఉంది. అక్కడ ఒక పాక వేసుకోనిస్తావా? నాకు హక్కు ఉందని రాయడం లేదు. అడుగుతున్నాను.

నువ్వు చూసింది నిజం. ఇంకేమీ రాయలేను.

యేసుపాదం


డుంబ్రిగుడ
20 డిసెంబర్ 2002

అన్నయ్యకు.

నీ సగం నేను ముట్టుకోలేదు. నీ చెట్టు ఉన్నచోట కంప పెరిగింది, అంతే. వదినను తీసుకురా. ఆమె నా ఇంట్లో నా పక్కన పడుకుంటుంది. ఇక్కడ చలి పడదని తెలుసు. అయినా తీసుకురా.

నీ సంగతి వేరు. బుధు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నాడు. ఎజ్రా పోయాక కేసంతా అతని ఒక్కడి మీద పడింది. పలకలు అమ్మడానికి తీసుకెళ్ళారన్న మాట కోర్టులో అలాగే ఉంది. నిరూపణ అయితే శిక్ష పడుతుందని ప్లీడరు అన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు అతనికి. పలకలు ఎవరు అడిగారో, ఎందుకో, కాగితం అక్కర్లేదని ఎవరు చెప్పారో నువ్వు చెప్పాలి. సాక్ష్యం కావాలంటే ఆ తలుపు ఉంది. అది కూడా అదే దారిలో దిగింది. తీసుకురా.

అది చెప్పిన తర్వాత పైకి రా. చెప్పకుండా రావద్దు.

ఆనందమ్మ


శృంగవరపుకోట
9 జనవరి 2003

ఆనందానికి.

డాలీ ఈ పాటికి నీ దగ్గరికి చేరి ఉంటుంది. లారీలో తలుపు, బట్టల పెట్టె, ఆమె. నేను ఇక్కడే దిగిపోయాను. ఎందుకో రాస్తాను.

చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపించాను. లోపలికి వెళ్ళి, ఈ తలుపు పర్మిట్ లేకుండా కిందికి దించిన కలప, నేనే దింపించాను, ఆ తర్వాత మీరు పట్టుకున్న పలకలు కూడా నా కోసమే వస్తున్నాయి, రాసుకోండి అన్నాను. అక్కడున్నతను బయటికొచ్చి తలుపు చూశాడు. "పైకి పోయే సామానుతో మాకేటి పని? దిగేదైతే సెప్పు" అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. "తాగొచ్చినావేటి, ముసలాయనా? వెనకాల బళ్ళు ఆగిపోనాయి. పో, పో" అని రోడ్డుకు అడ్డంగా ఉన్న కర్ర ఎత్తేశాడు. డాలీ లారీలోంచి చూస్తోంది.

చెప్పమన్నావు, చెప్పాను. వినకపోతే నేనేం చెయ్యను? అయినా లారీ ఎక్కడానికి కాళ్ళు రాలేదు. బస్‌స్టాండ్ ఎదురుగా టీకొట్టు వాళ్ళు వెనక పడుకోనిస్తున్నారు. ఈ చిరునామాకే రాయి. ఇక రానా?

యేసుపాదం


డుంబ్రిగుడ
14 జనవరి 2003

అన్నయ్యకు.

వదిన చేరింది. మొదటి రాత్రి ఊపిరాడక కూర్చునే ఉంది. రెండో రాత్రి కాస్త నిద్రపోయింది. సరళ కాళ్ళు పడుతోంది. చేపల బుట్ట సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు.

నువ్వు చెప్పింది కర్ర ఎత్తే మనిషికి. అతనికి నీ మాట అక్కర్లేదు. నీ మాట కావాల్సింది కోర్టుకు. బుధు వాయిదా ఈ నెల ఇరవై ఒకటిన. నువ్వు ఉన్న ఊరి నుంచి కోర్టుకు పొద్దున్నే బస్సు ఉంది. ఆ బస్సు నేను చాలాసార్లు ఎక్కాను.

తలుపు లారీ వాళ్ళు వాకిట్లో దించి వెళ్ళారు. నలుగురు పట్టినా ఎత్తలేకపోయాం. దాన్ని పడుకోబెట్టి, పైన కాఫీ పళ్ళు ఆరబోశాను. ఈ ఏడాది సరళ చెట్టు కింద ఉన్న వరసే కాసింది, ఆ కాస్తకూ తలుపు సరిపోయింది. ఉప్పు మరకలు రెండుసార్లు కడిగినా పోలేదు.

బుధు వచ్చి చూశాడు. ఉప్పు పట్టిన అంచు చేత్తో తడిమాడు. తర్వాత, "యేసుపాదం బాబు వాయిదాకి వత్తాడంటావా అక్కా?" అని అడిగాడు.

నేను వంగి కాఫీ తిరగేస్తూ ఉండిపోయాను.

ఆనందమ్మ